గంట మొదలయ్యే చోటు

ఆవిడకు పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. బస్సు డిపోలో గేటు పక్క గదిలో ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చుని, పోయే బండికీ వచ్చే బండికీ టైం రాసిన మనిషి కాబట్టి డిపో అంతా ఆవిడను టైంకీపరమ్మ అంది. రిటైరయ్యాక వీధి కూడా అదే పిలుపు అందుకుంది. చివరికి కట్టుకున్న మొగుడు కూడా నలుగురిలో "మా టైంకీపరమ్మ" అనే అంటాడు. నలుగురూ లేనప్పుడు ఏమంటాడో మనకెందుకు.

ఉద్యోగం వదిలింది గానీ ఆ జబ్బు వదల్లేదు. మెడలో తాడుకు వేలాడే స్టాప్‌వాచీ పడుకునేటప్పుడు తప్ప తీయదు. మొగుడు స్నానానికి వెళ్తే నొక్కుతుంది, తుడుచుకుంటూ వస్తే నొక్కుతుంది. "పద్దెనిమిది. నిన్నటి కంటే రెండు ఎక్కువ" అంటుంది. ఆయన డ్రాయింగు మాస్టారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బడి మొదటి గంట ఒక్కసారి కూడా చెవిన పడని మనిషి. ఈ ఇద్దరికీ సంబంధం కుదిర్చిన పెద్దమనిషి ఎవరో గానీ, కొంటె బుర్ర ఉన్నవాడే అయి ఉండాలి.

అలాంటి ఇంటికి ఒకరోజు ప్రభుత్వం వారి కవరు వచ్చింది. జైళ్ళ కొత్త చట్టం ఎలా అమలవుతోందో చూసి చెప్పడానికి ముగ్గురితో ఒక పరిశీలన సంఘం ఉందట. ఒకరు రిటైరైన జడ్జి, ఒకరు డాక్టరు, మూడోవారు సామాన్య పౌరులు. ఆ మూడో సభ్యుడు ఊరు మారి వెళ్ళిపోతే, జాబితాలోంచి చీటీ తీశారు. చీటీలో ఈవిడ పేరు వచ్చింది. కింది వాటాలో ఉండే ఆడపడుచు కవరు చదివి, "ఇన్నాళ్ళూ మా అన్నయ్య ఒక్కడినే లోపల పెట్టావనుకున్నాను వదినా. ఇక నుంచి ఖైదీలందరూ నీ చేతి కిందకే వచ్చారన్నమాట" అంది. మాస్టారు ఆ మాటకు చెల్లెలి వైపు ఎంతో కృతజ్ఞతగా చూశాడు.

ఆ చట్టం సంగతి కాస్త చెప్పుకోవాలి. పెద్దగా చిక్కేమీ లేదు. జైల్లో అన్నిటికీ వెనకగా ఒక బ్లాకు ఉంటుంది. తోటివాళ్ళకో కాపలావాళ్ళకో ప్రాణం మీదకు తెచ్చే ఖైదీలను అందులో ఉంచుతారు. ఉన్నవి పది గదులు, గదికొకరు చొప్పున తొమ్మిది మంది, ఒక గది ఖాళీ. వెనకటి పద్ధతిలో వాళ్ళకు తలుపు కిందనుంచి పళ్ళెం జరపడం, తాళం వేయడం, అంతే. నెలల తరబడి ఆకాశం మొహం చూడనివాళ్ళు ఉండేవారు. కొత్త చట్టం వచ్చి, ఎంత ప్రమాదకరమైనవాడైనా వాడికి రోజుకు ఒక గంట బయటి గాలి తగలాలి, ఒక అరగంట ఎవరో ఒక మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడాలి అంది. అయితే దానికి రెండేళ్ళ గడువు పెట్టారు. గడువు తీరాక శాసనసభ కమిటీ ఒకటి పరిశీలన సంఘం మాట విని, చట్టాన్ని నిలబెట్టాలో రద్దు చేయాలో తేలుస్తుంది. టైంకీపరమ్మ చేరేసరికి ఆ రెండేళ్ళలో మిగిలింది ఎనిమిది నెలలు.

మొదటిసారి వెనక బ్లాకుకు వెళ్ళిన రోజున ఆవిడ మనసు దోచుకున్నది అక్కడి రిజిస్టరు. ఖైదీ నంబరు, తలుపు తీసిన టైం, తలుపు వేసిన టైం. గీత గీసినట్టు అక్షరాలు, ఎక్కడా కొట్టివేత లేదు. తొమ్మిదికి తీస్తే పదికి వేయడం, పదికి తీస్తే పదకొండుకు వేయడం. రాసింది హెడ్ వార్డరు. యాభై దాటిన మనిషి, ఎడమ మణికట్టు కాస్త వంకర, మాట నెమ్మది. "ఇలాంటి చేతిరాత మా డిపోలో ఒక్కడికి ఉన్నా నా కళ్ళు ఇంత తొందరగా పోయేవి కావు" అని ఆవిడ మెచ్చుకుంది. ఆయన సిగ్గుపడ్డాడు. జడ్జిగారు టీ తాగి సంతకం పెట్టారు. డాక్టరు పెట్టాడు. ఆవిడ కూడా "అంతా సరిగా ఉంది" అని రాసి, కింద సంతకం పెట్టింది. అలా ఆరేడు నెలల్లో మూడుసార్లు వెళ్ళింది, మూడుసార్లూ పెట్టింది.

నాలుగోసారి ఖైదీలతో మాట్లాడే వంతు ఆవిడకు వచ్చింది. ఏడో గదిలో ఉన్నవాణ్ని అందరూ నిచ్చెన అంటారు. మనిషి అంత పొడుగు. చేసిన నేరం చిన్నదేమీ కాదు. ఫైలు చదివిన రోజు ఆవిడకు అన్నం సయించలేదు. లోపలికి వచ్చాక కూడా ఇద్దరు వార్డర్ల మీద చేయి చేసుకున్నాడు. ఆ ఇద్దరిలో ఒకరు హెడ్ వార్డరు, ఆ వంకర మణికట్టు అప్పటిదే. ఇవన్నీ చాలనట్టు ఇతనికి ఉత్తరాలు రాసే అలవాటు ఒకటి. పరిశీలన సంఘానికి ముప్పై ఒక్క ఉత్తరాలు రాశాడు, ఒక్కొక్కటి నాలుగేసి పేజీలు. మూడో ఉత్తరంతోనే జడ్జిగారికి ఓపిక నశించి, "అలవాటు పడ్డ ఫిర్యాదుదారు" అని ఫైలు మీద రాయించారు. ఆ తర్వాతివి ఎవరూ చదివినట్టు లేరు.

ఊచల అవతల అతను, ఇవతల స్టూలు మీద ఆవిడ. పక్కన హెడ్ వార్డరు నిలబడ్డాడు.

"మీరు బస్సుల టైం రాసేవారట కదమ్మా" అన్నాడు నిచ్చెన.

"ఎవరు చెప్పారు నీకు?"

"రోజూ అరగంట మాట్లాడే సార్ చెప్పారు. అయితే మీకు చెబితే అర్థమవుతుంది. నాకు గంట ఇస్తున్నామని రాస్తున్నారు. ఇస్తున్నది పంతొమ్మిది నిమిషాలు."

"వాచీ లేదు కదా నీ దగ్గర. పంతొమ్మిదని ఎలా చెప్తున్నావ్?"

"ఆ చివర నుంచి ఈ చివరికి ఇరవై ఆరు అడుగులు. మనసులో అరవై లెక్కపెట్టేలోపు, అంటే నిమిషానికి, మూడుసార్లు తిరుగుతాను. యాభై ఏడోసారి అయ్యేసరికి గొలుసు పట్టుకుని వచ్చేస్తారు. ఎప్పుడైనా యాభై ఆరు. యాభై తొమ్మిది ఒక్కసారే, ఆ రోజు ఈ వార్డరు సార్‌కి ఫోనొచ్చింది."

హెడ్ వార్డరు తల అడ్డంగా ఊపాడు. కోపంగా కాదు, పాతపాట మళ్ళీ విన్నవాడిలా. "తొమ్మిదికి నా చేత్తో తాళం తీస్తాను మేడం. పదికి నా చేత్తో వేస్తాను. ఒక్క నిమిషం తేడా ఉంటే నా చెయ్యి కొట్టేయండి."

ఇద్దరి మొహాలూ చూసింది టైంకీపరమ్మ. ముప్పై ఒక్క ఏళ్ళలో అబద్ధం చెప్పే డ్రైవర్లను ఎందరినో చూసిన కళ్ళవి. ఈ ఇద్దరిలో ఏ ఒక్కరూ అబద్ధం చెబుతున్నట్టు లేరు. అదే ఆవిడకు మింగుడు పడలేదు. స్టూలు మీదనుంచి లేచి, "నన్ను తీసుకెళ్ళండి" అంది.

"ఎక్కడికి మేడం?"

"గదిలోంచి బయటి ఆవరణలోకి. ఇతన్ని ఎలా తీసుకెళ్తారో అలాగే. ఒక్క తాళం కూడా తగ్గించొద్దు."

హెడ్ వార్డరు నీళ్ళు నమిలాడు. సూపరింటెండెంటుకు ఫోన్ చేశాడు. అవతలి వైపు నుంచి నవ్వు ఇక్కడిదాకా వినబడింది. ఆవిడ ముచ్చట తీర్చమన్నారు. ఖాళీగా ఉన్న ఆరో గదిలో ఆవిడను పెట్టి తలుపు వేశారు. మహిళా వార్డరును ఒకామెను పిలిపించారు. తలుపులోని కంతలోంచి చేతులు బయటికి పెట్టమంటే పెట్టింది. బేడీలకు గాజులు అడ్డొచ్చాయి, వాటిని మోచేతి దాకా తోసుకోవలసి వచ్చింది. నడుం చుట్టూ గొలుసు వేస్తుంటే, "కాస్త వదులుగా వేయమ్మా, రిటైరయ్యాక ఈ వైపు కొంచెం అభివృద్ధి జరిగింది" అంది. మహిళా వార్డరు నవ్వాపుకోలేక గొలుసు జారవిడిచి, మళ్ళీ మొదటినుంచి వేసింది.

సోదా దగ్గర చిక్కు వచ్చింది. ఖైదీ ఒంటి మీద లోహపు వస్తువు ఉండకూడదు. మెడలోని స్టాప్‌వాచీ తీయాలి.

"అది తీస్తే ఇంకెందుకు నడవడం?" అంది టైంకీపరమ్మ.

"నియమం మేడం. ఒక్క తాళం కూడా తగ్గించొద్దన్నారు" అన్నాడు హెడ్ వార్డరు. ఆయనకు ఆ రోజు మొదటిసారి కాస్త హుషారు వచ్చింది.

"అయితే మీరే పట్టుకోండి. తలుపు తాళం తీసినప్పుడు నొక్కండి, బయటి గడప మీద నా కాలు పడ్డప్పుడు మళ్ళీ నొక్కండి. నొక్కడం మరిచిపోతే మళ్ళీ మొదటినుంచి నడుస్తాను, నాకేం తొందర లేదు."

ఆయన ఆ వాచీని వంకర చేతిలోకి తీసుకున్నాడు. బేడీలు తీసి ఆవిడను మళ్ళీ గదిలో పెట్టి, మొదటి తాళం నుంచి అంతా కొత్తగా మొదలుపెట్టారు. బేడీలకు నాలుగు నిమిషాలు, సోదాకు మూడు. మొదటి తలుపు, తర్వాత మెట్లు. గొలుసుతో మెట్లు దిగడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టాలి. నడవ మధ్యలో ఉన్న తలుపు దగ్గరికి వచ్చి అందరూ ఆగిపోయారు. ఎవరూ ఏమీ అనరు, ఏమీ చేయరు. గోడకు ఆనుకుని నిలబడ్డారు.

"ఏమైంది?" అంది ఆవిడ.

"తాళంచెవి రావాలి మేడం."

"ఎవరి దగ్గరుంది?"

"బంధువులు వచ్చి కలిసే ములాఖత్ హాలు దగ్గర ఉండే గార్డు దగ్గర. అక్కడి పని చూసుకుని వస్తాడు. ఆ తలుపు, ఈ తలుపు రెండూ అతనివే."

"అంటే ఇంకో బండి డ్రైవరు దిగితే గానీ మన బండి కదలదన్నమాట."

పది నిమిషాలకు ఆ గార్డు వచ్చాడు, గొలుసుతో ఉన్న టైంకీపరమ్మను చూసి గతుక్కుమన్నాడు. తర్వాత రిజిస్టరులో ఒక సంతకం, కాపలా గోపురానికి ఒక ఫోను. అప్పుడు బయటి తలుపు తీశారు. ఆవిడ గడప మీద కాలు పెట్టింది. హెడ్ వార్డరు వాచీ నొక్కాడు.

ఎత్తైన గోడలు, పైన ఇనప వల, వల పైన ఆకాశం. గోడకు అవతల, ఒక చిన్న ఊచల తలుపు వెనక అలాంటిదే ఇంకో ఆవరణ ఉంది. దాన్నిండా విరిగిన మంచాలు, తుప్పు పట్టిన డ్రమ్ములు. ఆవిడ అటు ఒకసారి మెడ సాచి చూసి, "ఇక పదండి వెనక్కి" అంది. మళ్ళీ గొలుసు, మళ్ళీ మధ్య తలుపు, మళ్ళీ ఆ గార్డు కోసం గోడకు ఆనుకోవడం. ఆరో గది తలుపు మూసుకున్నాక హెడ్ వార్డరు వాచీ వంక అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"వెళ్ళడానికి ఎంత?" అంది లోపలినుంచి.

"ఇరవై మూడు."

"రావడానికి?"

"పద్దెనిమిది."

"మొత్తం నలభై ఒకటి. అరవైలోంచి తీసేయండి."

ఆయన తీసేశాడు. "పంతొమ్మిది మేడం" అన్నాడు. పక్క గదిలోంచి ఒక దగ్గు వినబడింది. నిచ్చెన ఆ దగ్గులోనే అన్నీ అనేశాడు.

తప్పు ఎక్కడుందో టైంకీపరమ్మకు మెట్ల మీదే అర్థమైంది. అర్థమయ్యాక చచ్చేంత సిగ్గేసింది. డిపోలో చేరిన మొదటి వారంలో నేర్పే పాఠం అది. గ్యారేజీలోంచి బండి తీసిన టైం డ్రైవరుది. స్టాండులో జనం ఎక్కిన టైం ప్యాసింజరుది. డ్రైవరు డ్యూటీ గ్యారేజీ దగ్గరే మొదలవుతుంది, అది న్యాయమే. కానీ ఆ టైం చూపించి ప్యాసింజరుతో నీ ప్రయాణం అప్పుడే మొదలైందంటే ఊరుకుంటాడా. హెడ్ వార్డరు తాళం నుంచి తాళం దాకా తన డ్యూటీ టైం రాశాడు, నిక్కచ్చిగా రాశాడు. ప్యాసింజరు టైం ఎవరూ రాయలేదు. ఇవన్నీ తెలిసిన తాను, ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క తప్పు షీటు మీద సంతకం పెట్టని తాను, చేతిరాత బాగుందని మురిసిపోయి మూడుసార్లు పెట్టింది. ఇంటికొచ్చి ఆ మాట మొగుడితో చెప్పి, కళ్ళు తుడుచుకుంది.

మాస్టారు లేచాడు. పెద్ద డ్రాయింగు కాగితం ఒకటి బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టి, "తలుపులు ఎన్ని, చెప్పు" అన్నాడు. ఆవిడ చెప్పింది, ఆయన గీశాడు. గది, మెట్లు, మధ్య తలుపు, ఫోను, గడప. ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాల్సి వచ్చిందో ఎర్ర పెన్సిలుతో రాశాడు. మధ్య తలుపు దగ్గర ఎరుపు చాలా అయింది. రెండు రోజులు పట్టింది ఆ బొమ్మకు. ఆవిడ ఆ రెండు రోజులూ వాచీ నొక్కలేదని ఆడపడుచు తర్వాత ఎంతమందితో చెప్పిందో లెక్కలేదు.

బొమ్మ చూసి జడ్జిగారు కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు. చెడ్డ మనిషి కాదు, లోకం చూసినవాడు. "నువ్వు చెప్పింది నిజమే అమ్మా. కానీ కమిటీ కూర్చునేది ఇంకో మూడు వారాల్లో. అందులో సగం మంది ఈ చట్టం ఎప్పుడు పోతుందా అని కాచుకుని ఉన్నారు. మనమే వెళ్ళి, రెండేళ్ళయినా ఒక్క రోజు కూడా అమలు కాలేదంటే, అమలు కాని చట్టం ఎందుకని కొట్టేస్తారు. అప్పుడు వాళ్ళకు ఈ పంతొమ్మిది కూడా ఉండవు. పాత పద్ధతే మళ్ళీ" అన్నారు. హెడ్ వార్డరు కూడా అదే మాట అన్నాడు, ఇంకాస్త తల వంచుకుని.

నిజం రాస్తే అతని పంతొమ్మిది నిమిషాలు పోవచ్చు. రాయకపోతే ఆ పంతొమ్మిదే ఎప్పటికీ గంటగా చలామణి అవుతుంది. రెండు రోజులు బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని, మూడో రోజున టైంకీపరమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. పోయేది ఎవరి నిమిషాలో వాళ్ళనే అడగాలి. మిగతా ఎనిమిది మంది గదుల ముందూ కూర్చుని అడిగింది. అందరూ ఒక్కటే అన్నారు, ఉత్తరాలు రాసేది ఏడో గదివాడు, వాణ్ని అడగండి అని.

నిచ్చెన అంతా విన్నాడు. ఆ పొడుగు మనిషి మంచం మీద కూర్చుంటే మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. "గెలుస్తామంటారా?" అన్నాడు.

"తెలియదు నాయనా. తెలుసని అబద్ధం చెప్పను. నీకున్నది కూడా పోవచ్చు."

వెంటనే రాయమంటాడని ఆవిడ అనుకుంది. అనలేదు. "ఆ పంతొమ్మిదీ లేకుండా ఎలా ఉంటుందో నాకు తెలుసమ్మా. మీకు తెలియదు. ఆలోచించుకోనివ్వండి" అన్నాడు. భయపడుతున్నాడని ఆవిడకు అర్థమైంది. అతని మీద మొదటిసారి జాలి వేసింది. ఫైలు గుర్తొచ్చినా ఆ జాలి పోలేదు.

నాలుగో రోజున పరిశీలన సంఘానికి ముప్పై రెండో ఉత్తరం వచ్చింది. నాలుగు పేజీలు ఉంటాయనుకుని ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని మరీ విప్పింది. మధ్యలో ఒకే ఒక్క మాట ఉంది. "రాయండి."

కమిటీ కూర్చున్న రోజున హాలు నిండుగా ఉంది. ఎత్తు బల్ల వెనక ఏడుగురు సభ్యులు, నడుమ అధ్యక్షురాలు. ఈ చివర గళ్ళ కోటు వేసుకున్న సభ్యుడు ఒకాయన. ఈ చట్టం పేరు చెబితేనే ఆయనకు ఒళ్ళు మండుతుందని ఊరంతటికీ తెలుసు. జడ్జిగారు పొడిగా నాలుగు మాటలు చెప్పి, "మా మూడో సభ్యురాలు చెప్పవలసింది ఉంది" అని కూర్చున్నారు. టైంకీపరమ్మ లేచింది.

"ముందుగా, ఆ రిజిస్టరులో నేను మూడు సంతకాలు పెట్టాను. ఆ మూడూ తప్పు" అంది. తర్వాత మాస్టారి బొమ్మ విప్పి, తలుపు తలుపుకూ నిమిషాలు చెప్పింది. తాను గొలుసుతో నడిచిన సంగతి చెబుతుంటే ఇద్దరు సభ్యులు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అన్నీ చెప్పి, "వాళ్ళకు అందుతున్నది గంట కాదండి, పంతొమ్మిది నిమిషాలు" అంది.

గళ్ళ కోటాయన ముందుకు వంగాడు. దొరికిందన్న సంతోషం ఆయన మొహంలో దాగలేదు. "అంటే రెండేళ్ళలో ఈ చట్టం ఒక్క రోజు కూడా అమలు కాలేదని మీరే ఒప్పుకుంటున్నారు. నేను మొదటినుంచీ చెబుతున్నది అదే. జరగని పనికి చట్టం ఎందుకమ్మా? తీసేస్తే సరిపోతుంది కదా."

"మా డిపోలో ఒక బండి రోజూ నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చేదండి" అంది టైంకీపరమ్మ. "మేం ఆ రూటు తీసేయలేదు. ఎక్కడ ఆగుతోందో చూశాం. చూస్తే రైల్వే గేటు దగ్గర. టైం పావుగంట మార్చాం, బండి సరిగా వచ్చింది. ఇక్కడ ఆగుతున్నది మధ్య తలుపు దగ్గర. తాళంచెవి ఆ తలుపు దగ్గరే ఉండే మనిషికివ్వండి, పోనురాను ఇరవై నిమిషాలు అక్కడే కలిసొస్తాయి. పక్కన ఇంకో ఆవరణ ఉంది, దాన్లో విరిగిన మంచాలు గాలి పీలుస్తున్నాయి. వాటిని తీసేస్తే ఇద్దరు ఒకేసారి వేరువేరుగా తిరగొచ్చు. తొమ్మిది మందికీ పొద్దు గూకేలోపు నిండు గంట వస్తుంది. చార్టు వేసుకొచ్చాను, చూడండి."

చార్టు చేతులు మారింది. గళ్ళ కోటాయన దాన్ని పక్కకు జరిపేశాడు. "కాగితం మీద బస్సులు తిప్పడం తేలిక. లోపల ఉన్నవాళ్ళు బస్సులు కాదు. జైలు తరఫున ఎవరొచ్చారు?"

హెడ్ వార్డరు వెనక వరుసలోంచి లేచి నిలబడ్డాడు.

"ఏడో గది ఖైదీయే కదా మీ చెయ్యి విరిచింది?"

"అవునండి."

"అతన్ని ఇంకా ఎక్కువసేపు బయట ఉంచమంటున్నారు ఈవిడ. మీకు సమ్మతమేనా?"

హెడ్ వార్డరు తన మణికట్టు వంక చూసుకున్నాడు. "నా చెయ్యి విరిగింది పాత పద్ధతిలోనండి. అతన్ని పదకొండు నెలలు గదిలోంచి కదలనివ్వలేదు. ఆ తర్వాత మొదటిసారి తలుపు తీసినవాణ్ని నేను. కొత్త చట్టం వచ్చాక ఈ రెండేళ్ళలో ఆ బ్లాకులో ఎవరి మీదా చెయ్యి పడలేదు, పంతొమ్మిది నిమిషాలకే. అతని మీద నాకు ప్రేమేమీ లేదండి. కానీ ఈవిడ నడిచినప్పుడు వాచీ నొక్కింది నేనే, లెక్క సరైనదే. తాళంచెవి ఇస్తే గంట ఇవ్వగలం." కూర్చోబోయి, మళ్ళీ లేచి, "రిజిస్టరు రాసింది కూడా నేనే. అబద్ధం రాయలేదు. ఎక్కడినుంచి లెక్కపెట్టాలో చట్టంలో లేదు" అన్నాడు.

అధ్యక్షురాలు చట్టం కాపీ తెప్పించి ఆ పేజీ తిప్పి చూసింది. నిజంగానే లేదు. "ఎక్కడినుంచి లెక్కపెట్టాలంటారు?" అని టైంకీపరమ్మను అడిగింది.

"గడప దాటి ఆవరణలో కాలు పెట్టిన నిమిషం నుంచి, మళ్ళీ గడప దాటే నిమిషం దాకానండి. గడియారం కూడా అక్కడే పెట్టాలి."

చట్టం మూడు ఓట్ల మీద నాలుగు ఓట్లతో నిలిచింది. ఆ ఒక్క వాక్యం కూడా చేరింది, కాకపోతే చట్టం రాసేవాళ్ళు దాన్ని పట్టుకుని ఊపిరాడనంత పొడుగు చేశారు. మాస్టారు ఆ పేజీకి ఫ్రేము కట్టించి గోడకు తగిలించాడు. తగిలించడానికి వారం పట్టింది.

నెలన్నర తర్వాత పరిశీలన సంఘం వెనక బ్లాకుకు వెళ్ళింది. మధ్య తలుపు దగ్గర ఒక గార్డు కుర్చీ వేసుకుని ఉన్నాడు. పక్క ఆవరణలో మంచాలు లేవు. గడప దగ్గర గోడకు ఇంత పెద్ద గడియారం ఉంది. టైంకీపరమ్మ దాని కింద నిలబడి, మొదటి రోజు ఎలా జరిగిందో చెప్పమంది హెడ్ వార్డరును.

"ఏం చెప్పను మేడం. లెక్క తప్పకుండా యాభై ఏడుసార్లు తిరిగాడు. తిరిగి, వచ్చి ఈ తలుపు దగ్గర చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు, బేడీలకు. ఇంకా నలభై ఒకటి ఉందిరా అన్నాను. నమ్మలేదు. గడియారం చూపించాను. అప్పుడు కూడా కదల్లేదు, ఏం చేయాలో తోచలేదు పాపం. నలభై ఒక్క నిమిషాలు ఎక్కడ పెట్టుకుంటాడు." ఆయన ఆవరణ వైపు చెయ్యి చూపించాడు. "పోయి కూర్చో అన్నాను నేనే. అదిగో, ఆ ఎండ పడే గోడ దగ్గర నేల మీద కూర్చున్నాడు. రెండేళ్ళలో వాడు ఇక్కడ కూర్చోవడం నేను చూడలేదు. నిమిషాలు చాలక నడుస్తూనే ఉండేవాడు."

టైంకీపరమ్మ ఆ గోడ వంక చూసింది. తర్వాత కాసేపు గడియారంలో టైం సరిగా ఉందో లేదో చూస్తున్నట్టు నటించింది.

"అంతటితో అయిపోలేదు మేడం" అని హెడ్ వార్డరు జేబులోంచి ఒక కవరు తీశాడు. "మీ సంఘానికి ముప్పై మూడో ఉత్తరం. మళ్ళీ నాలుగు పేజీలు. గంటసేపు నేల మీద కూర్చుంటే నడుం పట్టేస్తోందట, కాళ్ళు చాపుకోవడానికి సిమెంటు బల్ల వేయించాలట. కొలతలతో సహా రాశాడు. చూశారా, గంట ఇస్తే బల్ల అడుగుతున్నాడు."

"అడగనివ్వండి. కూర్చునే తీరిక దొరికింది కాబట్టే అడుగుతున్నాడు" అంది టైంకీపరమ్మ.

జడ్జిగారు అప్పటికే టీ ముగించి రిజిస్టరులో సంతకం పెట్టేశారు. ఆవిడ కుర్చీ లాక్కుని, నెల రోజుల పేజీలూ తిరగేసింది. అదే చేతిరాత. ఇప్పుడు నాలుగు గడులున్నాయి, తాళం తీసింది, గడప దాటింది, గడప దాటి వచ్చింది, తాళం వేసింది. రెండో గడికీ మూడో గడికీ మధ్య ప్రతిరోజూ అరవై. అక్కడక్కడా అరవై ఒకటి, ఒకచోట అరవై మూడు, ఒకచోట కొట్టివేత. ఆ కొట్టివేత చూసి, నిజంగా గడియారం చూసే రాస్తున్నారని ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. వెనక్కి తిప్పి తన మూడు పాత సంతకాలు ఒకసారి చూసుకుంది. తర్వాత కలం తీసి, ఈసారి అంతా సరిగా ఉందని రాయలేదు. "గంట ఉంది. బల్ల లేదు" అని రాసి, కింద సంతకం పెట్టింది.